నీళ్ల బస్సుకు పర్దాలు

ఆ బస్సును మొదటిసారి చూసినప్పుడే నాకు ఒళ్లు మండింది. బస్సన్నాక రోడ్డు మీద పోవాలి, పడవన్నాక నీళ్ల మీద పోవాలి. ఇది రెండూ చేస్తుందట. గోదావరిఖనిలో మనుషుల్ని ఎక్కించుకొని, నది ఒడ్డుకు పోయి, అక్కడ కట్టిన సిమెంటు వాలు మీదుగా తిన్నగా బ్యారేజీ వెనక నిలిచిన నీళ్లలోకి దిగుతుందట. ఒక చుట్టు తిరిగి మళ్లీ అదే వాలు ఎక్కి వస్తుందట. ఒళ్లంతా ఆకుపచ్చ రంగు, ముందు భాగాన రెండు పెద్ద కళ్లు, ఇకిలిస్తున్న నోరు. జనం దానికి నీళ్ల బస్సు అని పేరు పెట్టారు. నేను పెట్టిన పేరు ఇక్కడ రాయను. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకొని బతికేదాన్ని.

మా ఊళ్లో సరదాలకు కరువేనని ఒప్పుకుంటాను. ఒక పక్క ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్టలు, ఇంకో పక్క కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు. ఎండాకాలం మధ్యాహ్నం కుక్క కూడా రోడ్డు దాటదు. అందుకే ఆదివారం వచ్చిందంటే జనమంతా నది ఒడ్డున చేరతారు. ఆ సంగతి పసిగట్టిన హైదరాబాదు కాంట్రాక్టరు ఒకాయన ఈ బస్సును తెచ్చాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, నల్ల కళ్లద్దాలు, ప్రతి మాటకూ ముందొక "మేడమ్". ఆ మనిషి మాట తీపికి నాకు అప్పుడే పళ్లు జివ్వుమన్నాయి.

నా ఏడుపు బస్సుతో కాదు. బస్సు ఎక్కితే ఎక్కండి, మునిగితే మునగండి అని ఊరుకునేదాన్నే. కానీ ఆ కాంట్రాక్టరు తన బస్సుకు సేఫ్టీ మనిషిగా మా ఆయన్ని పెట్టుకున్నాడు.

మా ఆయన గనిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. సర్దారంటే భూమి లోపల ఒక భాగానికీ, అక్కడ పనిచేసే మనుషులకూ పూచీ ఉన్నవాడు. పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు విని, ఇది నిలుస్తుంది, ఇది కూలుతుంది అని చెప్పాలి. గ్యాసు చూడాలి, గాలి చూడాలి. తన షిఫ్టులో ఒక్క మనిషి పానం కూడా పోలేదన్నది ఆయన జీవితమంతా సంపాదించుకున్న ఆస్తి. పెళ్లిళ్లలో, చావుల్లో, చాయ్ దుకాణంలో ఆ మాట ఎవరికి చెప్పలేదో నాకు తెలియదు.

గనిలో గాలి తనంతట తాను రాదు. పైనుంచి ఫ్యాను తోస్తే వచ్చిన గాలిని బొగ్గు తవ్వే మూలదాకా మళ్లించడానికి దారి మధ్యలో మందపాటి గుడ్డలు వేలాడదీస్తారు. మావాళ్లు వాటిని పర్దాలంటారు. పర్దా ఎత్తి దాటినవాడు వెనక్కి తిరిగి దాన్ని దించాలి. దించి, కింది అంచు నేలకు ఆనిందో లేదో బొటనవేలితో తడిమి చూసుకొని అప్పుడు కదలాలి. ఒక్కడు మరిచిపోతే గాలి అడ్డదారిన పోతుంది, అవతల మూలలో ఉన్నవాళ్లు గ్యాసులో ఉక్కిరిబిక్కిరి అవుతారు. పర్దా ఎత్తి వదిలేసిన మనిషిని మా ఆయన చెంప పగలగొట్టిన రోజులున్నాయి. దెబ్బ తిన్నవాడు కూడా తప్పు నాదే అన్న అని తల దించుకునేవాడు.

ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. మా క్వార్టర్లో తలుపు తెరిచి ఉంచడమంటే నేరం. కూరగాయల సంచి రెండు చేతుల్లో పట్టుకొని గడప దాటినా సరే, వెనక్కి తిరిగి కాలితోనైనా తలుపు వెయ్యాలి. వంటింటి గుమ్మానికి వేసిన పూల పర్దా కింది అంచును కూడా ఆయన బొటనవేలితో సర్దేవాడు. "మా ఇంట్లకు గాలి కూడ పర్మిషన్ తీసుకోని రావాలె" అని మా ఆడబిడ్డ, అంటే ఆయన అక్క, నవ్వేది. ఒక రకంగా నాకూ మేలే. తలుపు వేసి ఉంటే బొగ్గుదుమ్ము కాస్త తక్కువ పడుతుంది. ఈ ఊళ్లో ఆడవాళ్ల బతుకు సగం ఆ దుమ్ము తుడవడంలోనే పోతుంది.

దండలు, శాలువా, డప్పులతో రిటైరై ఇంటికి వచ్చిన మనిషి నెల తిరక్కుండానే నాకు నరకం చూపించాడు. పప్పులో ఉప్పు ఎప్పుడు వెయ్యాలో నాకు చెప్పడం మొదలుపెట్టాడు. అలాంటి సమయంలో కాంట్రాక్టరు వచ్చి, "మీలాంటి అనుభవం ఉన్నోళ్లు కావాలె అన్నా" అనేసరికి మా ఆయన మొహం కరెంటు బల్బులా వెలిగింది. మళ్లీ బూట్లు, మళ్లీ మెడలో ఈల, మళ్లీ డ్యూటీ.

"నీకు ఈత వస్తదా?" అని అడిగాను.

"బొగ్గుబాయిల ఈతకొట్టుకుంట పనిచేసిన్నా? సేఫ్టీ అంటే సేఫ్టీనే. ఎక్కడైన ఒక్కటే" అన్నాడు.

ఆ ఒక్క మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది.

బస్సుకు పర్మిషన్ రావాలంటే నిండా బరువుతో ఒకసారి నడిపి చూపించాలట. ఇసుక బస్తాలు తెప్పించడం ఎందుకు, మనుషులైతే సరిపోతుంది కదా అనుకున్నాడు కాంట్రాక్టరు. రిటైరైన గని కార్మికుల్ని, వాళ్ల భార్యల్ని ఉచితంగా తిప్పుతానని పిలిచాడు. ఉచితం అనగానే మావాళ్లు పెళ్లికి పోయినట్టు తయారై వచ్చారు. నేను రానన్నాను. మా ఆడబిడ్డ మోకాళ్ల నొప్పులతో కుంటుతూ కూడా పట్టుచీర కట్టుకొని గుమ్మంలో నిలబడింది. "మా తమ్ముని బస్సు నేను ఎక్కకపోతే ఎవరెక్కుతరే" అంది. ఆమెను ఒక్కదాన్నే పంపలేక వెళ్లాను.

మృగశిర దాటిన వారమది. ఇంకా చేపల వాసన పోని బజారు, ఉడకబోత, గోదావరి మీద సీసం రంగు మబ్బు. వాలు దగ్గర ఇద్దరు ఆఫీసర్లు నిలబడి ఉన్నారు. ఒకాయన రోడ్డు వాహనాల శాఖ నుంచి, ఒకాయన పడవల సంగతి చూసే శాఖ నుంచి. ఒకాయన టైర్లు తన్ని చూశాడు, బ్రేకులు, లైట్లు, హారను చూశాడు. ఇంకొకాయన అడుగు భాగం చూశాడు, నీళ్లు తోడే పంపు చూశాడు, నారింజ రంగు లైఫ్ జాకెట్లు లెక్కపెట్టుకున్నాడు. పైకప్పు వైపు, దాని కింద కిటికీల పొడుగునా చుట్టి కట్టిన ప్లాస్టిక్ పర్దాల వైపు ఇద్దరిలో ఒక్కరూ తలెత్తి చూడలేదు. వాన వస్తే జల్లు పడకుండా అవి. మందంగా, అద్దంలా అవతలిది కనిపించేవి, కింద కొక్కేలు.

ఆ పర్దాల గురించి మా ఆయన ప్రయాణికులకు చెప్పనే అక్కరలేకపోయింది. లోపల కూర్చున్న మగవాళ్లందరూ గనివాళ్లే.

జాకెట్లు బిగించుకొని కూర్చున్నాం. నా జాకెట్ గడ్డానికి తగిలి నొప్పిపెడుతోంది. ఆడబిడ్డకు బకిల్ పట్టకపోతే మా ఆయన వచ్చి, అక్కను చిన్నపిల్లను చూసినట్టు చూసి, గుంజి బిగించి పోయాడు. బస్సు వాలు దిగి నీళ్లలోకి దూరగానే ఆడవాళ్లు కేరింతలు కొట్టారు. నిజం చెప్పాలి, ఒక నిమిషం నాకూ బాగానే అనిపించింది.

ఇంతలో గాలిదుమారం లేచింది. మొదట అవతలి ఒడ్డున దుమ్ము లేచింది, ఆ వెంటనే వాన అడ్డంగా కొట్టింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఈల ఊదలేదు. అయినా బస్సులో ఉన్న ప్రతి మగవాడూ ఒక్కసారే లేచి తన పక్కనున్న పర్దా విప్పి దించాడు. కొక్కేలు తగిలించాడు. తగిలించి, కింది అంచును బొటనవేలితో తడిమి చూసుకొని కూర్చున్నాడు. చిత్రం ఏమిటంటే ఒక్క సందు మిగల్లేదు. ముందు సీట్లో కూర్చున్న పడవల ఆఫీసరు వెనక్కి తిరిగి, "డిసిప్లిన్ చాలా బాగుందండీ" అన్నాడు. మా ఆయన ఛాతీ ఉబ్బింది.

ఆ తర్వాత జరిగింది చెప్పినంత సేపు కూడా పట్టలేదు. వెనకనుంచి అలలు కొట్టాయి. వెనక భాగంలో ఇంజను గాలి పీల్చే సందులోంచి నీళ్లు లోపలికి దూకాయి. డ్రైవరు బస్సును ఒడ్డుకు తిప్పాడు. ముందు చక్రాలు వాలును పట్టుకున్నాయి, ఇంజను ఆగిపోయింది. ముందు భాగం ఒడ్డు మీద, వెనక భాగం నీళ్లలో. మేం కూర్చున్నది వెనక. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి, నడుముకు వచ్చాయి, ఛాతీకి వచ్చాయి. ఒంటిమీద జాకెట్ నన్ను పైకి లేపింది. కాళ్లు నేలను వదిలాయి. తల ఠక్కున పైకప్పుకు తగిలింది. కిందికి పోదామంటే జాకెట్ పోనివ్వదు, పక్కకు పోదామంటే పర్దా. ఆడబిడ్డ మొహం నా మొహం పక్కనే ఉంది, ఆమె కళ్లు తేలవేసింది. నీటికీ కప్పుకూ మధ్య మిగిలిన గాలిలో అందరం ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తున్నాం.

పర్దా విప్పితే బయటపడతాం. కానీ పర్దా దగ్గర మా ఆయన ఉన్నాడు. సీటు మీద నిలబడి, రెండు చేతులతో దాని కింది అంచును బలంకొద్దీ అదిమి పట్టుకున్నాడు.

"ఇడువు! పర్దా ఇడువు!" అని అరిచాను.

"పర్దా ఇడువద్దు! ఎవ్వలు ఇడువద్దు!" అని ఆయన నాకంటే గట్టిగా అరిచాడు.

ఆ గొంతు నాకు తెలుసు. అది మా ఆయన గొంతు కాదు, సర్దారు గొంతు. ఆ గొంతు చెప్పినట్టు విన్నందుకే వందలమంది ఇళ్లకు చేరారు. అప్పుడు కూడా విన్నారు. అవతల కొక్కేల మీద చెయ్యి వేసినవాళ్లు చేతులు తీసేశారు. మేమందరం ఆయన మాట వింటూ, ఆయన కళ్ల ముందే చచ్చేవాళ్లం.

నేను ఆయన మణికట్టు కొరికాను. ఉత్తుత్తిగా కాదు. పళ్లు దిగేలా, నోట్లో ఉప్పగా తగిలేలా కొరికాను. చెయ్యి వదిలాడు. నేను కొక్కేలు గుంజగానే పర్దా చిన్న చప్పుడుతో బయటికి పోయింది. ఆడబిడ్డను జాకెట్ పట్టి ఆ కంతలోంచి తోశాను, వెనక నేనూ పడ్డాను. అదే జాకెట్ బయట నన్ను తేల్చి, నాలుగు బారల అవతల నీళ్లు ఛాతీ దాకానే ఉన్న చోటికి చేర్చింది. కాళ్ల కింద సిమెంటు తగిలింది. తతిమ్మావాళ్లు ఒకరి వెనక ఒకరు అదే కంతలోంచి బయటపడ్డారు.

ఒడ్డుకు చేరాక ఏం చేశారో తెలుసా? నవ్వారు. తడిసిన బట్టలు పిండుకుంటూ ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. కాంట్రాక్టరు వేడి మిరపకాయ బజ్జీలు తెప్పించాడు, అందరూ తిన్నారు. "మేడమ్, మీరు జర భయపడ్డరు, గంతే" అన్నాడు నాతో. చేతిలో ఉన్న బజ్జీని వాడి తెల్లచొక్కా మీద విసిరికొట్టాను. ఇవాళటికీ ఆ పని చేసినందుకు సంతోషంగానే ఉంది.

నేను బడికి సెలవు పెట్టి ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఆ బస్సుకు కప్పయినా తియ్యాలి, పర్దాలైనా తియ్యాలి అని చెప్పడమే నా పని. రోడ్డు శాఖ ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. "చక్రం నేలను విడిచాక మాది కాదమ్మా" అన్నాడు. పడవల ఆయన్ని అడిగితే, కప్పూ పర్దాలూ బస్సు బాడీ కిందికి వస్తాయట, బాడీ రోడ్డువాళ్లదట. "మరి నేను ఎవరి కిందికి వస్తాను సార్?" అన్నాను. కాగితాలు సర్దుకుంటూ, "మీరు లైఫ్ జాకెట్ వేసుకున్నారు కదా" అన్నాడు. ఆ జాకెటే నన్ను కప్పుకు అదిమిపెట్టిందని చెప్పాను. నవ్వాడు. చదువుకున్న మూర్ఖత్వం అంత ప్రశాంతంగా నవ్వడం నేను మరెక్కడా చూడలేదు.

కాంట్రాక్టరు వెనక సందుకు ఒక రేకుమూత బిగించి మళ్లీ పరీక్షకు పెట్టాడు. ఈసారి నిజంగానే ఇసుక బస్తాలు పెట్టారు. ఇసుకకు ఊపిరి అవసరం లేదు కాబట్టి బస్సు పాసైంది. బస్సు లోపల కొత్తగా ఒక బోర్డు కూడా వెలిసింది. వర్షం వచ్చినప్పుడు పర్దాలు దించి, కొక్కేలు బిగించవలెను అని.

అన్నిటికన్నా ఎక్కువ మండింది మా ఆయన మీద. డ్యూటీకి మళ్లీ తయారయ్యాడు. మణికట్టుకు కట్టు, మెడలో ఈల.

"మమ్ముల చంపబోయినవ్, తెలుస్తుందా నీకు?" అన్నాను.

"నీళ్లు లోపలికి రాకుండ ఆపిన."

"నీళ్లు అప్పటికే నా గొంతు దాక ఉండె."

"నా షిఫ్టుల ఒక్కడు పోలె" అన్నాడు. అదే మాట. జీవితమంతా విన్న మాట. కానీ ఈసారి నా మొహం చూడకుండా, చెప్పుల స్టాండు వైపు చూస్తూ అన్నాడు.

ఆ ఆదివారం నేనూ టికెట్టు కొనుక్కొని బస్సెక్కాను. ప్రేమతో కాదు, పంతంతో. వెనక, సరిగ్గా ఆ పర్దా పక్క సీట్లోనే కూర్చున్నాను. బస్సు నిండా పిల్లలు, తల్లులు, పాప్‌కార్న్ పొట్లాలు. మా ఆయన నన్ను చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు. నీళ్లలోకి దిగి సగం చుట్టు తిరిగేసరికి చినుకులు మొదలయ్యాయి. పక్క సీట్లో తల్లి ఒకామె, "అన్నా, పర్దా దించున్రి, పోరడు తడుస్తుండు" అంది.

మా ఆయన వచ్చి నా నెత్తి మీదుగా చెయ్యి చాపి పర్దా ముడి విప్పాడు. అది సగం దాకా జారింది. ఆయన మణికట్టు నా కళ్ల ముందు ఉంది. కట్టు తీసేశాడు, నా పంటి గాట్లు వరసగా నల్లబడి ఉన్నాయి. అవి ఆయనకూ కనిపించాయి. ఆయన తల తిప్పి బస్సును చూశాడు. సీట్లను, పిల్లల్ని, వాళ్ల మెడకింద ఉబ్బిన జాకెట్లను చూశాడు. తర్వాత పైకప్పును చూశాడు. గనిలో చూసేవాడే, కర్రతో కొట్టే ముందు, అలా చూశాడు.

సగం దించిన పర్దాను చుట్టి పైకి కట్టాడు. తర్వాత రెండోది, మూడోది. అటుపక్క కొక్కేలు ఎవరో తగిలిస్తే తీసేశాడు. తడిసిన తల్లులు తిట్టారు, పిల్లలు మాత్రం వానలోకి చేతులు చాపి సంబరపడ్డారు. బస్సు వాలు ఎక్కేసరికి కాంట్రాక్టరు ఎదురుగా నిలబడి ఉన్నాడు. రూలు తప్పావని అందరి ముందే అరిచాడు. బోర్డు చూపించాడు. మా ఆయన మెడలో ఈల తీసి ఆ మనిషి చేతిలో పెట్టి, నా పక్కన నడుచుకుంటూ వచ్చాడు.

ఇంటికి వచ్చాక ముందు ఆయన లోపలికి నడిచాడు, వెనక నేను. తలుపు వేయడానికి వెనక్కి తిరిగాను. "ఉండనియ్యి" అన్నాడు.

అప్పటినుంచి మా తలుపు వేసి ఉండదు. ఓపెన్‌కాస్టులో పేలుడు జరిగిన ప్రతిసారీ దుమ్ము తిన్నగా హాల్లోకి వస్తుంది. అన్నం గిన్నెల మీద మూతలు, మూతల మీద గుడ్డలు. నేను తిట్టుకుంటూనే తుడుస్తాను. తలుపు మాత్రం వెయ్యను.

బస్సు ఇప్పటికీ నడుస్తోంది. బోర్డు అలాగే ఉంది, పర్దాలు అలాగే ఉన్నాయి, ఇద్దరు ఆఫీసర్లకూ హాయిగా నిద్ర పడుతోందనే అనుకుంటాను. మా ఆయన స్థానంలో ఇంకో రిటైరైన మనిషిని పెట్టుకున్నారు. ఆ మనిషి ఎవరని నేను అడగలేదు. మొన్న ఆదివారం మబ్బు పట్టగానే మా ఆయన గొడుగు తీసుకొని బయలుదేరాడు. ప్రతి ఆదివారం మబ్బు పడితే అంతే. ఒడ్డున నిలబడి ఎక్కేవాళ్లకు పర్దాలు దించొద్దని చెబుతాడు, కాంట్రాక్టరు మనుషులు నెట్టేస్తారు, మళ్లీ వెళ్లి నిలబడతాడు.

"నీ మాట ఎవ్వలు వింటున్నరు? ఆ సేఫ్టీ మనిషైన విన్నడా?" అన్నాను.

గడప మీద ఆగాడు.

"వాడు ఇనడు" అన్నాడు. "వాడు నా షిఫ్టుల పనిచేసినోడే. పర్దా దించకుండ పోయిండని ఒకపారి చెంప మీద కొట్టిన. అప్పటిసంది వాడు ఒక్కసారి కూడ మరువలె."

గొడుగు విప్పుకొని వానలోకి దిగాడు.